రాసే ముందు ఒక్కసారి చూడండి



వానకాలం మొదలైందంటే జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "అన్నా, దురదకు ట్యూబ్ ఇయ్యి." అరలోంచి ఒక ట్యూబు వస్తుంది, డబ్బులు చేతులు మారతాయి, మనిషి వెళ్లిపోతాడు. దురద ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, మచ్చా పొక్కా, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? ఈ ప్రశ్నలు అటువైపు అడగరు, ఇటువైపు చెప్పరు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ అడగని ప్రశ్నల గురించి. చర్మం విషయంలో ఇంటి దగ్గరే చేసుకోదగ్గ వైద్యం చాలా ఉంది. దాన్ని నేను వద్దనను. అయితే ఏదైనా రాసే ముందు చూడాలి. ఆ చూడడం ఎలాగో ముందు చెప్పుకుందాం.

గదిలో బల్బు కింద చూస్తే సగమే తెలుస్తుంది. పొద్దున పూట వాకిట్లో, వెలుతురు ఏటవాలుగా పడేచోట చూడండి. వైద్యులు చదివే పుస్తకాల్లోనూ, మీ ఫోన్లలో వెతికితే వచ్చే బొమ్మల్లోనూ ఎక్కువగా కనిపించేది తెల్లవాళ్ల చర్మమే. ఆ చర్మం మీద దద్దు గులాబి రంగులో, ఎర్రగా ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద అదే దద్దు గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో, చుట్టుపక్కల చర్మం కంటే కాస్త నల్లగానో ఉంటుంది. "ఎర్రగా లేదు కదా, ఏం గాదు" అనుకుని రోజులు గడిపేసేవాళ్లు ఎందరో. అందుకని కంటితో పాటు చేతినీ వాడండి. వేళ్ల వెనక భాగం ఆనిస్తే వేడి తెలుస్తుంది, మునివేళ్లతో తడిమితే ఉబ్బు, గరుకు తెలుస్తాయి. చూస్తూనే కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఒంటికి రెండు పక్కలా ఉందా, ఒక్క పక్కే ఉందా? రాత్రి పడుకున్నాక ఎక్కువవుతోందా? నిన్నా మొన్నా ఏ పనికి పోయాం? కొత్తగా ఏమైనా గోళీలు మింగామా? జ్వరం ఉందా? ఇంతవరకు తెలిస్తే సగం రోగం తేలినట్టే.

ఇప్పుడు తామర సంగతి. నేను చూస్తున్నంతలో ఇన్ని ఇళ్లలో ఇంతకాలం బాధ పెడుతున్న చర్మరోగం ఇంకొకటి లేదు. గుర్తుపట్టడం మామూలుగా తేలికే. గుండ్రటి మచ్చ, అంచు కాస్త లేచి ఉంటుంది, అంచు మీద సన్నటి పొక్కులు, పొట్టు. నడిమధ్య మాత్రం నయమైనట్టు కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ చుట్టు పెద్దదవుతుంది. చెమట పట్టి ఆరని చోటు దానికి ఇష్టం. గజ్జలు, తొడల సందు, పిరుదులు, చంకలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ వస్తుంది. మొలతాడు తడిసి ఒంటికి అంటుకునే చోట, లంగా బొందు బిగిసే చోట, ప్యాంటు బెల్టు కింద వెతకండి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు, పొద్దంతా పత్తి చేలో వంగి పనిచేసే ఆడవాళ్లకు, బిగుతు జీన్సు వేసుకుని కాలేజీకి పోయే పిల్లలకు ఒకే కారణంతో వస్తుంది. ఫంగస్ అనే శిలీంధ్రం తడి, వెచ్చదనం దొరికితే పెరుగుతుంది. దానికి కులం లేదు, శుభ్రత లేనివాళ్లకే వస్తుందన్న మాటా నిజం కాదు.

ఈ తామర ఇరవై ముప్పై ఏళ్ల కిందట ఇంత మొండిది కాదు. మామూలు మందు కొన్ని వారాలు రాస్తే తగ్గేది. ఇప్పుడు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి పోవడం లేదు. అందుకు పెద్ద కారణం దుకాణంలో దొరికే ఆ "దురద ట్యూబే". అందులో చాలావాటిలో ఒక్క మందు ఉండదు. ఫంగస్ మందు ఒకటి, సూక్ష్మజీవుల మందు ఒకటో రెండో, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్ ఒకటి కలిపి ఉంటాయి. ఈ స్టెరాయిడ్ ఏం చేస్తుందో కాస్త నిదానంగా వినండి. ఫంగస్ చర్మంలో చేరితే ఒళ్లు దానితో పోరాడుతుంది. మనకు తెలిసే దురద, మంట, వాపు ఆ పోరాటం వల్ల వచ్చినవే. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రెండో రోజుకే దురద పోతుంది, మచ్చ చదునవుతుంది, "మంచి మందు" అని మనం పక్కింటివాళ్లకు కూడా చెబుతాం. అడ్డుకునేవాళ్లు లేని ఫంగస్ మాత్రం లోపల నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. ట్యూబు మానిన వారానికి రెట్టింపుగా పైకి వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా నాలుగైదు సార్లు తిరిగేసరికి మచ్చ రూపమే మారిపోతుంది. చుట్టులో చుట్టు పుడుతుంది, అంచు చెరిగిపోతుంది, చూసిన వైద్యుడికి కూడా అది తామరో మరొకటో తేల్చడం కష్టమవుతుంది. తొడల లోపలి చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. ముఖానికి రాసుకున్నవాళ్లకు మొటిమలు, బుగ్గల మీద సన్నటి నరాలు తేలడం, ఎండలోకి పోతే మంట. తెల్లబడడానికని అమ్మే కొన్ని క్రీముల్లో కూడా ఇదే స్టెరాయిడ్ ఉంటుంది.

ఈ దుర్వినియోగం మీద దేశంలోని చర్మవైద్యులు ఏళ్లపాటు మొత్తుకున్నారు. చివరికి 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. చట్టం వచ్చింది, అడగగానే ట్యూబు చేతికి రావడం మాత్రం పోలేదు. ఈలోగా ఫంగస్ కూడా మారింది. టెర్బినాఫిన్ అనే మందుకు లొంగని తామర ఫంగస్ ఒకటి మన దేశంలో బాగా వ్యాపించింది. భారత్, నేపాల్ నుంచి వచ్చిన రోగుల దగ్గర దొరికిన దాన్ని పరీక్షించి జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఒక తామరకు తగిలింది. అది యూరప్‌కు చేరింది, 2023లో న్యూయార్క్‌లో బయటపడిన కేసుల గురించి అమెరికా ఆరోగ్యశాఖ హెచ్చరిక ఇచ్చింది. ఇక్కడి తొడల మీద మొదలైన సంగతి అక్కడి ఆసుపత్రుల దాకా పోయిందంటే, మందుల దుకాణం ముందు మనం అనే ఆ చిన్న మాట ఎంత పెద్దదో ఆలోచించండి.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? ముందు మీ దగ్గరున్న ట్యూబు మీద అక్షరాలు చదవండి, మీకు రాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినొలోన్ అన్న పేర్లలో ఏది కనబడ్డా అది స్టెరాయిడ్. తామర మీద దాన్ని రాయకండి. ఒకటి రెండు చోట్ల కొత్తగా వచ్చిన తామరకు క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీము చాలు. స్నానం చేసి, పూర్తిగా తుడుచుకుని, ఆరనిచ్చి, రోజుకు రెండు పూటలు పలచగా రాయాలి. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు వరకు రాయాలి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనబడే అంచు కంటే ముందే ఉంటుంది. మచ్చ పోయిందని ఆపెయ్యకండి, ఆ తర్వాత కూడా రెండు వారాలు రాయండి. రెండు వారాలు రాసినా తగ్గుముఖం పట్టకపోతే, మచ్చలు చాలాచోట్ల ఉంటే, గోళ్లకో, తలకో పాకితే, షుగర్ ఉన్న మనిషైతే దవాఖానకు పోవాల్సిందే. అప్పుడు మింగే మందులు కావాలి, వాటిని డాక్టరే రాయాలి. ఇంతకుముందే నెలల తరబడి స్టెరాయిడ్ రాసుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ముఖానికి రాసుకున్నవాళ్లు, ఒక్కసారిగా మానితే మంట, ఎరుపు బాగా పెరుగుతాయి. భయపడి మళ్లీ ట్యూబు అందుకోకుండా డాక్టరును కలవండి.

తువ్వాలు ఎవరిది వాళ్లకు ఉండాలి. లోదుస్తులు రోజూ మార్చి, తిరగేసి ఎండలో ఆరెయ్యాలి. వానల్లో ఎండ లేకపోతే ఇస్త్రీ చెయ్యండి, ముఖ్యంగా కుట్ల దగ్గర. మొలతాడు మార్చండి, తామర తగ్గేదాకా తీసేసినా తప్పు లేదు. ఇంట్లో నలుగురికి ఉంటే నలుగురూ ఒకేసారి వైద్యం చేసుకోవాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ అక్కలకూ చెల్లెళ్లకూ ఒక మాట. గజ్జల్లో, రొమ్ముల కింద తామర వస్తే ఇంట్లో మగవాళ్లకు చెప్పుకోలేక, మగ డాక్టరుకు చూపించలేక, ఏళ్లపాటు కొంగు చాటున గోక్కుంటూ బతికే ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. రాత్రి నిద్ర ఉండదు, పొద్దున కూలికి పోవాలి. మీ ఆశ అక్కకు చెప్పండి, ఏఎన్ఎంకు చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది రవ్వంత కూడా లేదు.

ఇక గజ్జి. తామర మచ్చలుగా వస్తే గజ్జి చిన్న చిన్న పొక్కులుగా వస్తుంది. దీనికి రెండు గట్టి గుర్తులున్నాయి. ఒకటి, పడుకుని ఒళ్లు వెచ్చబడగానే దురద విపరీతమవుతుంది. రెండు, ఇంట్లో ఒక్కరితో ఆగదు. వేళ్ల సందులు, మణికట్టు, చంకల అంచులు, బొడ్డు చుట్టూ, మగవాళ్లకు మర్మాంగం మీద పొక్కులు చూడండి. చంటిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో, తల మీద కూడా వస్తాయి. కంటికి ఆనీ ఆనని ఒక పురుగు చర్మం పైపొరలో సన్నటి సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి గజ్జి సోకినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే గోక్కోవడం మొదలయ్యేసరికే పక్కలో పడుకున్నవాళ్లకు అంటిపోయి ఉంటుంది. దసరాకో సంక్రాంతికో గురుకులం నుంచి, ఆశ్రమ పాఠశాల నుంచి పిల్ల ఇంటికి వస్తుంది, సెలవులు అయ్యి తిరిగి పోతుంది, ఆ తర్వాత నెలకు అమ్మమ్మ గోక్కోవడం మొదలుపెడుతుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ క్షణంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి ఇది ఉంటుందని వాళ్ల అంచనా.

గజ్జికి మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. మందు మంచిదే, రాసే తీరులోనే మనం తప్పిపోతున్నాం. పొక్కు ఉన్నచోటే అద్దితే పని జరగదు. రాత్రి పడుకునే ముందు మెడ కింది నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, పిరుదుల సందు, మర్మాంగం ఏదీ వదలకుండా రాసి, పొద్దున స్నానం చెయ్యాలి. చేతులు కడుక్కుంటే మళ్లీ రాయాలి. పెద్దవాళ్లకు ఒక పూతకు 30 గ్రాముల ట్యూబు దాదాపు మొత్తం పడుతుంది. వారానికి ఇంకొకసారి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, ఇదే అసలు కిటుకు. రెండు నెలలలోపు పసిబిడ్డకు, గర్భిణికి డాక్టరును అడిగి వాడండి. ఆ పొద్దున దుప్పట్లు, కట్టిన బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యండి. ఉతకలేని బొంతలను మూటగట్టి వారం రోజులు ముట్టకుండా పక్కన పెడితే సరిపోతుంది, మనిషి ఒళ్లు దొరక్క పురుగు చస్తుంది. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదని రోజూ రాస్తే చర్మం పుండవుతుంది. ఆ రోజుల్లో కొబ్బరినూనె రాసుకోండి.

వేపాకు, పసుపు నూరి రాసే పద్ధతి గురించి అడుగుతారు. 1992లో అచ్చయిన ఒక పరిశీలనలో 814 మందికి ఆ ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని రాశారు. పోల్చి చూసుకోవడానికి వేరే మందు వాడిన జట్టు అందులో లేదు కాబట్టి నేను దాన్ని పూర్తి రుజువనలేను, అలాగని కొట్టిపారెయ్యనూ లేను. క్రీము చేతికి వచ్చేదాకా అది రాస్తే నష్టం లేదు. గోకి గోకి చీము పట్టిన పిల్లలను మాత్రం ఇంట్లో ఉంచకండి. ఆ చీము పుండ్ల తర్వాత ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా కిడ్నీల మీద దెబ్బ పడిందని అర్థం, ఆ రోజే తీసుకుపోవాలి.

మన దగ్గర దద్దుర్లు చాలావరకు పని నుంచే వస్తాయి. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే రోజుల్లో చేతులు కాలిపోతున్నట్టు మండుతాయి. ఆ మంటను ఉత్త నీళ్లు తియ్యలేవు, మిరప కారం నూనెలోనే కరుగుతుంది. ముందు మంచినూనె చేతులకు బాగా పట్టించి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. అప్పటిదాకా కళ్లు ముట్టొద్దు, చంటిబిడ్డను ఎత్తుకోవద్దు. పొలం గట్ల మీద, రోడ్ల పక్క తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ ఇంకో శత్రువు. 1950లలో పుణె దగ్గర కనబడ్డ ఈ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. దాని పొడి గాలికి లేచి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో దురద, గట్టిపడిన నల్లటి చర్మం తెస్తుంది. ఎండాకాలంలో ముదిరి చలికాలంలో తగ్గినట్టుంటే దాన్ని అనుమానించండి. పీకేవాళ్లు పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకాలి. మహాముత్తారం, పలిమెల అడవుల్లో తిరిగేవాళ్లకు దూలగొండి తెలియనిది కాదు. కాయ మీది నూగు ఒంటికి తగిలితే రుద్దకండి, రుద్దినకొద్దీ లోపలికి దిగుతుంది. అతుక్కునే టేపు అద్ది లాగితే నూగు దానితో వస్తుంది. తర్వాత నీళ్లు పోసుకుని బట్టలు మార్చుకోండి.

నల్లజీడి గింజ రసం సంగతి గట్టిగా చెప్పాలి. బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకలివాళ్లు తరాలుగా వాడిన రసం అది. కాళ్ల పగుళ్లకూ, కీళ్ల నొప్పులకూ, పిల్లలకు దిష్టి తగలకుండానూ ఒంటికి పెడుతున్నారు. పెట్టినచోట నల్లగా కాలి, చుట్టూ నీటి బొబ్బలు లేచి, రసం కారినమేర పుండు పడుతుంది. దయచేసి పెట్టకండి. పెట్టి ఉంటే వెంటనే సబ్బుతో కడిగి చూపించండి.

వానలు వెనకపడ్డాక రాత్రిళ్లు వరి పొలాల నుంచి ట్యూబులైటు దగ్గరికి నారింజ, నలుపు పట్టీలున్న సన్నటి పురుగు వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు మనం నలిపేస్తే దాని లోపలి రసం చర్మాన్ని కాలుస్తుంది. పొద్దున లేచేసరికి మెడ మీద గీత గీసినట్టు మంట, పొక్కులు. పురుగును ఊది పడగొట్టండి, నలిపితే సబ్బుతో కడగండి. తడిసిన బట్ట వేస్తే మంట తగ్గుతుంది, వారం పది రోజుల్లో మానుతుంది. జనగామ వైపు నుంచి హైదరాబాద్‌కు మేస్త్రీ పనులకు పోయే తమ్ముళ్లు తడి సిమెంటును చర్మం మీద ఆరనివ్వొద్దు, పని మధ్యలోనే కడుక్కోవాలి. నాట్లేసే అక్కల కాలివేళ్ల సందులు నాని తెల్లబడి పగులుతాయి. పొలంలో దిగే ముందు వాజిలీన్ పట్టించుకుని, రాగానే కడిగి, సందులు పొడిగుడ్డతో తుడుచుకుంటే చాలావరకు తప్పుతుంది.

చెమటకాయలకు మందే అక్కర్లేదు. చల్లటి నీళ్ల స్నానం, వదులు నూలు బట్ట, గాలి చాలు. చంటిపిల్లలకు ఎండాకాలంలో నూనె పట్టించి పైన పౌడరు దట్టిస్తే చెమట రంధ్రాలు మూసుకుని ఇంకా ఎక్కువవుతాయి. ఒళ్లంతా ఉబ్బుగా దద్దుర్లు లేస్తే ఒక దద్దు చుట్టూ పెన్నుతో గీత గీయండి. 24 గంటల్లో అది అక్కడ మాయమై ఇంకోచోట లేస్తే ఎలర్జీ దద్దు, పెద్దవాళ్లకు రాత్రిపూట ఒక సిట్రిజిన్ గోళీతో తగ్గుతుంది. దానితో నిద్ర వస్తుంది, బండి నడపొద్దు. పెదాలు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా గోళీ కోసం వెతకకుండా 108కి ఫోన్ చెయ్యండి. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక పొడిబారి దురదపెట్టే పిల్లలకు స్నానం చేసిన వెంటనే, ఒళ్లు కాస్త తడిగా ఉన్నప్పుడే, రెండు పూటలా కొబ్బరినూనె రాయడమే సగం వైద్యం. కిరోసిన్, వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, నీళ్లు కలపని డెట్టాల్, పొగలుగక్కే వేడినీళ్లు ఏ దద్దు మీదా వద్దు. ఇవన్నీ చర్మాన్ని కాలుస్తాయి.

జ్వరంతో పాటు నీటి పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటాం. వేపాకు పరచండి, ఇంట్లో దీపం పెట్టండి, మీ నమ్మకానికి నేను అడ్డు రాను. స్నానం మాన్పించడం మాత్రం వద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో అద్దితే పొక్కులు చీము పట్టవు. గోళ్లు కత్తిరించి, కాలమైన్ రాయండి, జ్వరానికి పారాసెటమాల్ చాలు, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. గర్భిణులకు, నెలల బిడ్డలకు, పెద్ద వయసువాళ్లకు వస్తే దవాఖానకే పోవాలి. జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లతో మొదలై చెవుల వెనక నుంచి కిందికి దిగే దద్దు తట్టు కావచ్చు. దానికి టీకా ఉంది, 9 నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో రెండోది. ఒంటికి ఒక్క పక్కనే, పట్టీ వేసినట్టు, నిప్పు పెట్టినట్టు మండే పొక్కులు సర్పి. జాజు పూయించి కూర్చోకండి. దాని మందు పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, కన్ను దగ్గర వస్తే చూపే పోవచ్చు.

దురద పెట్టే దద్దును ఎవరూ మరచిపోరు. నాకు భయమేసేది దురద పెట్టని మచ్చను చూసినప్పుడు. చుట్టూ చర్మం కంటే పాలిపోయిన మచ్చ ఉంటే, ఆ మనిషిని కళ్లు మూసుకొమ్మని, దూదిపోగుతో మచ్చ మీద తాకండి. తాకినట్టు తెలియకపోతే అది కుష్టు కావచ్చు. ఛాతీ మీద, వీపు మీద పొట్టు రాలే సిబ్బెం మచ్చలు వేరు, వాటికి స్పర్శ పోదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ వందేళ్ల కిందట కుష్టు రోగులకు దవాఖాన నడిపిన రోజుల్లో చాల్‌మోగ్రా లాంటి అడవి గింజల నూనెలను సూదితో ఎక్కించడం తప్ప గట్టి మందు లేదు. ఇవాళ ప్రభుత్వ దవాఖానల్లో మందు ఉచితం. మచ్చలు కొద్దిగా ఉంటే 6 నెలలు, ఎక్కువుంటే ఏడాది. వేళ్లు వంకరపోకముందే మొదలుపెడితే మనిషి ఏ లోపమూ లేకుండా బతుకుతాడు. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి మచ్చల గురించి అడిగితే దాచకండి.

కొత్తగా గోళీలు, ముఖ్యంగా ఫిట్స్ గోళీలు, సల్ఫా గోళీలు, మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం వచ్చి, నోరు పూసి, కళ్లు ఎర్రబడి, చర్మం ఊడుతుంటే ఆ మందు ఆపి అదే గంటలో పెద్దాసుపత్రికి బయల్దేరండి. జ్వరంలో ఎర్రటి, ఊదా చుక్కలు కనిపిస్తే ఒక గాజు గ్లాసు వాటి మీద నొక్కిపెట్టి చూడండి. నొక్కినా రంగు మాయం కాకపోతే చర్మం కింద నెత్తురు చిమ్ముతున్నట్టు. అది డెంగీ కావచ్చు, అంతకంటే ప్రమాదమైనదీ కావచ్చు.

ఒకప్పుడు చర్మం డాక్టరుకు చూపించాలంటే ఈ మూడు జిల్లాలవాళ్లు వరంగల్ ఎంజీఎం దాకా పోయేవాళ్లు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి దవాఖానల్లో చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అడిగి తెలుసుకోండి. అంత దూరం పోలేనివాళ్లు పల్లె దవాఖానలో ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడించమని అడగవచ్చు. పోయేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని తీసుకుపోండి. ఆ పొద్దున మచ్చ మీద ఏమీ పూయకండి, పూస్తే అసలు రూపం కనబడదు. దద్దు లేచి మాయమయ్యే రకమైతే లేచినప్పుడు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని జబ్బులకు స్టెరాయిడ్ అవసరమే, డాక్టరు దాన్ని రాయవచ్చు. అప్పుడు ఎన్ని రోజులు రాయాలి, ఏ రోజు ఆపాలి అని అడిగి, ఆ తేదీని చీటీ మీదే రాయించుకోండి.